నిచ్చెన కింద చెప్పులు

తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగిన ఏటికి పదిహేనేళ్ళు నిండిన సంవత్సరం అది. ఉచ్చీరప్ప కాలాన్ని ఆ వరదతోనే లెక్క పెట్టేవాడు. వరదకు ముందు అతను హమాలీ. వరదలో తడిసిన బస్తాలు మోసి మోసి నడుము పట్టేసింది. తడిసిన బస్తా పొడి బస్తా లాంటిది కాదు, మనిషిని నేలకు తొక్కేస్తుంది. ఆ తర్వాత ఎవరో జాలిపడి అతన్ని మోటారు దగ్గర నిలబెట్టారు. అప్పటి నుంచి మోటారు మనిషి అయ్యాడు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద, పత్తి మిల్లులు అయిపోయి చేలు మొదలయ్యే చోట ఉంది ఆ మొక్కజొన్న గోదాము. ముందు అది బస్తాల గోదామే. సేటు కొడుకు చేతికి వచ్చాక ముందున్న ఖాళీ జాగాలో మూడు ఇనుప గుమ్ములు లేపారు. ఒక్కొక్కటి మూడంతస్తుల మేడంత ఎత్తు. పైన మూత, పక్కన నిచ్చెన, అడుగున తూము, తూము కింద బెల్టు. మోటారు వేస్తే గింజలు తూములోంచి జారి బెల్టు మీద పడి లారీలోకి పోతాయి. కాగితాల్లో వాటికి ఇంకేదో పేరు ఉంది. పని చేసేవాళ్ళకు మాత్రం అవి గుమ్ములే.

గుమ్మిలో గింజ ఒక్కోసారి దిగదు. పైరేకు సందుల్లోంచి వాన నీళ్ళు పడితే పైన పెచ్చు కడుతుంది. కింద ఖాళీ అవుతూ ఉంటుంది, పెచ్చు మాత్రం అలాగే నిలిచి ఉంటుంది. అప్పుడు ఒక మనిషి నిచ్చెన ఎక్కి, మూత తీసి, లోపలికి దిగి ఇనుప గడారితో పొడవాలి. మనిషి లోపల ఉండగా కింద మోటారు ఆడితే గింజలు ఏటి సుడిలా మనిషిని కిందికి లాక్కుంటాయి. మోకాళ్ళ దాకా దిగబడితే ఇద్దరు పట్టి లాగినా రావడం కష్టం. నడుము దాకా పోతే తాడు ఉండాలి. తాడు ఉంది. ఆఫీసు గదిలో బీరువా పక్కన మేకుకు వేలాడుతూ ఉంది, కొన్ననాటి కవరు కూడా విప్పకుండా.

అయినా ఇన్నేళ్ళలో ఎవరూ చావలేదంటే దానికి కారణం చెప్పులు.

ఆ పక్క పల్లెల్లో తినే గింజ మీద చెప్పుకాలు పెట్టరు. రాశి మీదికి ఎక్కే మనిషి ఎవరైనా చెప్పులు విడిచే ఎక్కుతాడు. ఇనుప గుమ్ములు వచ్చాక కూడా అదే వాడుక. గుమ్మి ఎక్కేవాడు నిచ్చెన అడుగున చెప్పులు విడిచి ఎక్కేవాడు. ఉచ్చీరప్ప మోటారు వేసే ముందు తల తిప్పి మూడు నిచ్చెనల కిందా చూసేవాడు. చెప్పులు ఉంటే లోపల మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఇది అతనికి ఎవరూ నేర్పలేదు. ఎక్కడా రాసి పెట్టలేదు.

ఒకసారి మేనేజరు శేఖర్ కుర్చీలోంచే కేక వేశాడు. "ఏందయ్యా, ఎంతసేపు? మోటారు వెయ్యవేం?"

ఉచ్చీరప్ప చెయ్యి చాపి నిచ్చెన వైపు చూపించాడు. అక్కడ పట్టీ తెగి పిన్నీసు గుచ్చిన హవాయి చెప్పులు ఉన్నాయి.

"సెప్పులుండాయి సార్," అన్నాడు.

ఆ రోజంతా అతను మాట్లాడింది దాదాపు అంతే.

ఆ చెప్పులు ఇస్సాకువి. ఆస్పరి పక్క పల్లె నుంచి వచ్చేవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. బస్తా భుజం మీద ఉన్నా నోరు ఊరుకోదు. ఉచ్చీరప్ప ఎంత తక్కువ మాట్లాడతాడో ఇస్సాకు అంత ఎక్కువ మాట్లాడేవాడు, అందుకే ఇద్దరికీ కుదిరింది. "మామా, నీ మాటలు గూడా నేనే వాడుకుంటాండా, ఏమనుకోవాకు," అనేవాడు.

ఇస్సాకు ఒకప్పుడు బాగా తాగేవాడు. ఆర్నెల్లకొకసారి పనిలోంచి తీసేయడం, మళ్ళీ వాని భార్య రూత్ వచ్చి బతిమాలితే పెట్టుకోవడం, ఇలా నడిచింది. కిందటేడు కాక అంతకు ముందటేడు క్రిస్మస్‌కు బాప్తిస్మం తీసుకున్నాడు. సంఘంలో అందరి ముందర నిలబడి ఇక ముట్టనని మాట ఇచ్చాడు. అప్పటి నుంచి ముట్టలేదు. ముట్టలేదని అందరికీ తెలుసు, ఎందుకంటే ఎవరూ అడగకపోయినా వాడే చెప్పుకునేవాడు.

గోదాములో చిమ్మే సుభద్రమ్మ వాణ్ణి ఏడిపించేది. "ఏం ఇస్సాకూ, ఏసుప్రభువును నమ్ముకుంటివి, ఇంగ గింజకు సెప్పులిడిసేదేంది?"

"ప్రభువు సెప్పుల్తో కూడు తొక్కమన్న్యాడా అక్కా? మా ఇంట్లోనూ తినేది ఇదే గదా."

ఆ శ్రావణంలో కర్నూలు నుంచి ఫ్యాక్టరీల ఆఫీసరు వచ్చి పోయాడు. ఏమి చూశాడో, ఏమి అన్నాడో పనివాళ్ళకు తెలియదు. వారం తిరగక ముందే అట్టపెట్టెలు దిగాయి. నల్ల రబ్బరు బూట్లు, పసుపు టోపీలు, గోడకు కొట్టే ఒక బోర్డు. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు, కింద టోపీ పెట్టుకొని, బూట్లు తొడుక్కొని, నడుముకు తాడు కట్టుకున్న మనిషి బొమ్మ. బూట్లూ టోపీలూ పంచారు. అందర్నీ వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. తాడు మాత్రం మురికైపోతుందని మేకు మీద నుంచి తీయలేదు.

మోకాలి దాకా వచ్చే ఆ బూట్లు తొడుక్కొని ఇస్సాకు గోదాములో ఇటు నుంచి అటు నడిచి చూపించాడు.

"ఏమబ్బా, పోలీసోనివైతివా?" అంది సుభద్రమ్మ.

"పోలీసోనికి ఇంత మంచి బూట్లు యాడివక్కా? వరిమడి కొన్నా. నాటేదానికి నువ్వు రావల్ల."

"మీ ఊర్లో తాగేదానికే నీళ్ళు లేవు, వరిమడంట వరిమడి! పోయి బస్తా ఎత్తుపో."

అందరూ నవ్వారు. ఉచ్చీరప్ప కూడా నవ్వాడు, పళ్ళు కనపడకుండా.

కొన్నాళ్ళు ఏ తేడా రాలేదు. చెప్పులు విడిచినట్టే బూట్లూ విడిచి గుమ్మి ఎక్కేవాళ్ళు. నిచ్చెన అడుగున చెప్పుల బదులు నల్ల బూట్లు నిలబడి ఉండేవి. ఉచ్చీరప్పకు ఇంకా బాగా కనపడేవి. కానీ సేటు కొడుకు గోడలకు కెమెరాలు పెట్టించి, ఇంట్లో కూర్చొని ఫోనులో గోదామంతా చూస్తాడు. ఒకరోజు నిచ్చెన కింద బూట్లు, పైన ఉత్తకాళ్ళ మనిషి కనపడ్డారు. శేఖర్‌కు ఫోను వచ్చింది. శేఖర్ బయటికి వచ్చి అందర్నీ పిలిచాడు.

"బూట్లు ఇచ్చింది కాళ్ళకు వేసుకునేదానికి. నిచ్చెనకు కాపలా పెట్టేదానికి కాదు. ఇంకొక్కసారి ఈడ బూట్లు కనపడినాయంటే, ఎవరివైతే వాళ్ళు పనిలోకి రావద్దు."

"గింజ మీద బూటుకాలు యెట్ల పెట్టేది సార్?" అన్నాడు ఇస్సాకు.

"అవి దాణాకు పోయే గింజలప్పా. కోళ్ళు తింటాయి. కోళ్ళకేం తెలుస్తుంది?"

"కోళ్ళను మల్ల మనమే గదా సార్ తినేది?"

శేఖర్‌కు కూడా నవ్వు వచ్చింది. నవ్వుతూనే చెప్పాడు, చెప్పింది మాత్రం మారదని.

ఉచ్చీరప్ప అప్పుడు ఒక మాట అడగాలనుకున్నాడు. కింద ఏమీ లేకపోతే లోపల మనిషి ఉన్నాడో లేడో తనకు ఎట్లా తెలియాలి అని. మాట గొంతు దాకా వచ్చింది. అది వచ్చేలోగా శేఖర్ లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. రేపు అడుగుదాంలే అనుకున్నాడు. మరునాడు లారీలు ఎక్కువ వచ్చాయి. తర్వాత ఒకటి రెండుసార్లు ఎవరైనా గుమ్మి ఎక్కినప్పుడు కింది నుంచి కేక వేసి చెప్పి ఎక్కారు. అలా సరిపోయింది. ఎక్కేవాడు ఒకడైతే నిచ్చెన దగ్గర ఇంకొకడు నిలబడేవాడు కూడా.

దసరా వచ్చింది. దేవుడి విగ్రహం కోసం కర్రలతో కొట్టుకునే దేవరగట్టు పండగకు హొళగుంద పక్కనున్న హమాలీలందరూ పోయారు. పండగ మరునాడు వాళ్ళలో సగం మంది తలలకు కట్లు కట్టుకొని ఇళ్ళలో పడుకున్నారు. మిగతా సగం మంది పడుకున్నవాళ్ళకు తోడు ఉన్నారు. గోదాములో మనుషులు తక్కువయ్యారు. ఇస్సాకు ఆ పండగకు పోడు కాబట్టి పనిలో ఉన్నాడు. ఇంకో నలుగురు పాత గోదాములో బస్తాలు సర్దుతున్నారు.

మధ్యాహ్నం ఉచ్చీరప్ప, ఇస్సాకు గోడ నీడన కూర్చొని తిన్నారు. జొన్నరొట్టె, చెనక్కాయల చట్నీ, ఉల్లిగడ్డ. ఇస్సాకు బూట్ల కాళ్ళు ముందుకు చాపి కూర్చున్నాడు.

"లోపల కాలు ఉడికిపోతాంది మామా. రొట్టె పెడితే కాలేట్టుండాది."

"ఇప్పు."

"ఇప్పితే సేటు కొడుకు ఫోన్లో సూస్తాడు. ఇంటికి పోయినాక ఇప్పుతాలే." రొట్టె ముక్క తుంచి ఉచ్చీరప్ప గిన్నెలో వేశాడు. "తిను మామా. రూత్ కారం తక్కువేసింది నీకోసమని. నీకు పండ్లు పోయినాయంట, కారానికీ పండ్లకీ ఏం సంబంధమో నాకు తెలీదు."

తిన్నాక ఉచ్చీరప్ప బీడీకి గేటు బయటికి పోయాడు. లోపల దుమ్ము ఉంటుంది. దుమ్ము నిప్పు పట్టుకుంటే మామూలుగా మండదు, పేలుతుంది. అది కూడా ఎవరూ నేర్పలేదు. ఎక్కడో ఏదో మిల్లులో అలా అయిందని విని తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు. గేటు బయట తుమ్మచెట్టు కింద నిలబడి బీడీ పూర్తిగా కాల్చాడు. తొందరేమీ లేదనిపించింది.

అతను తిరిగి వచ్చేసరికి దాణా ఫ్యాక్టరీ లారీ బెల్టు చివర నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. శేఖర్ ఆఫీసు కిటికీలోంచి తల బయట పెట్టాడు. చెవి దగ్గర ఫోను ఉంది.

"ఉచ్చీరప్పా, రెండోది వెయ్. బిరీన."

ఉచ్చీరప్ప మోటారు బటన్ల దగ్గరికి పోయాడు. తల తిప్పి చూశాడు. ఒకటో నిచ్చెన కింద ఏమీ లేదు. రెండో నిచ్చెన కింద ఏమీ లేదు. మూడో దాని కింద సుభద్రమ్మ చీపురు ఆనించి ఉంది. పచ్చ బటను నొక్కాడు.

మోటారు ఎత్తుకుంది. బెల్టు కదిలింది. మొదట గింజలు పలచగా పడ్డాయి, తర్వాత ఏదో విరిగినట్టు పైన చప్పుడైంది, ఆ వెంటనే ధార కట్టి పడ్డాయి. పెచ్చు దానంతట అదే విరిగింది కాబోలు అనుకున్నాడు. మంచిదే అనుకున్నాడు.

సుభద్రమ్మ తూకం దగ్గర నుంచి పరుగెత్తి వచ్చింది. చేతిలో చేట అలాగే ఉంది.

"ఇస్సాకు దిగినాడా?"

ఉచ్చీరప్ప ఆమె వైపు చూశాడు.

"ఇస్సాకు దిగినాడా అంటే పలకవేందప్పా? గుమ్మిలోకి పోయినాడు గదా వాడు!"

ఎర్ర బటను నొక్కాడు. మోటారు అప్పటికప్పుడు ఆగదు, ఒళ్ళు విరుచుకున్నట్టు కాసేపు తిరిగి ఆగుతుంది. బెల్టు ఆగింది. గింజలు ఆగాయి. లారీ డ్రైవరు ఇంకొకసారి హారన్ కొట్టాడు.

పాత గోదాములోంచి ఆ నలుగురూ పరుగెత్తి వచ్చారు. ఒకడు నిచ్చెన ఎక్కి మూతలోంచి తొంగి చూసి, "ఎవరూ లేరు," అని కేక వేశాడు. కొంచెం ఆగి, "నడుమ గుంత పడింది," అన్నాడు.

ఒకడు వెల్డింగ్ మిషను తెచ్చి రేకు కోద్దాం అన్నాడు. సుభద్రమ్మ వాని మీద పడి అరిచింది. "దుమ్ము రా! అందర్నీ కాల్సేస్తావా?" చివరికి బోల్టులు విప్పారు. తుప్పు పట్టినవి సుత్తితో కొట్టి విరిచారు. ఉచ్చీరప్ప పానా పట్టుకొని నిలబడ్డాడు. ఎవరో అతని చేతిలోంచి పానా తీసుకున్నారు. తన చెయ్యి ఖాళీ అయిందని చాలాసేపటి దాకా అతనికి తెలియలేదు.

రేకు ఊడింది. గింజలు కుప్పగా బయటికి వచ్చి నేల మీద పరుచుకున్నాయి. లోపల ఇంకా గుట్ట ఉంది. గుట్ట ఎక్కి తవ్వాలి. నలుగురు హమాలీలూ గుట్ట అంచుకు వచ్చి ఆగారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. నలుగురూ వంగి బూట్లు విప్పి పక్కన పెట్టి, ఉత్తకాళ్ళతో గింజల మీదికి ఎక్కారు.

"బూట్లు విప్పేదానికి ఇదా సమయం!" అని శేఖర్ అరిచాడు.

ఎవరూ వినలేదు. ఉచ్చీరప్ప ఆ బూట్ల వైపు చూశాడు. గుట్ట అంచున వరసగా నిలబడి ఉన్నాయి. ఎంతమంది లోపల ఉన్నారో చూసినవాడెవడైనా చెప్పగలడు. అప్పుడు అతనికి అర్థమైంది. అర్థమైంది కానీ తన లోపల ఎక్కడా ఏమీ కదలలేదు. ఎండ ఎలా ఉందో అలాగే ఉంది.

గింజల అడుగున ఇస్సాకు నిలబడే ఉన్నాడు, ఊపిరి లేకుండా. చేతులు పైకి ఎత్తి, గడారి పక్కన. బూట్ల నిండా గింజలు నిండి ఉన్నాయి. లాగేటప్పుడు అవే బరువైనాయని ఒక హమాలీ అన్నాడు. "ఉత్తకాళ్ళైతే పీక్కునేవాడేమో," అని కూడా అన్నాడు. ఇంకొకడు ఊరుకోమని వాణ్ణి మోచేత్తో పొడిచాడు.

ఎస్సై వచ్చేసరికి ఇస్సాకును గోనెపట్ట మీద పడుకోబెట్టి, ఎవరిదో తువ్వాలు కప్పారు. శేఖర్ ముందుకు వచ్చి చెప్పాడు.

"తాగి ఎక్కినాడు సార్. ఎవరికీ చెప్పలేదు. రూలు ప్రకారం బూట్లు ఇచ్చినాము, చూడండి, కాళ్ళకే ఉండాయి. తాడు గూడా ఉంది ఆఫీసులో. తాగేవాడే సార్, ఎవరినైనా అడగండి."

ఎస్సై ఉచ్చీరప్ప వైపు తిరిగాడు. "నువ్వేనా మోటారు వేసింది?"

"ఆ."

"అతను తాగినాడని ఈయన అంటాండాడు. నిజమేనా?"

ఉచ్చీరప్ప చెవుల్లో మోటారు ఆడుతూనే ఉంది. ఎస్సై పెదాలు కదలడం కనపడింది, మాట అందింది, దాని అర్థం మాత్రం దూరంగా ఎక్కడో ఆగిపోయింది. శేఖర్ అతని వైపు చూస్తున్నాడు. ఉచ్చీరప్ప తల కిందికి వంగింది, మళ్ళీ పైకి లేచింది. దాన్ని అవునని తల ఊపడం అన్నారు. ఎస్సై రాసుకున్నాడు.

తర్వాత శేఖర్ అతన్ని పక్కకు పిలిచాడు. "మంచి పని చేసినావు. లేకపోతే కేసు నీ మీదికే వచ్చేది. రేపు కర్నూలు ఆఫీసరు వస్తాడు. ఆయనకూ ఇదే చెప్పు. పొద్దున్నే రా. బూట్లు వేసుకొని రా."

సాయంత్రం ఆదోని పెద్దాసుపత్రిలో శవాల గది ముందు మెట్ల మీద రూత్ కూర్చొని ఉంది. పక్కన సుభద్రమ్మ. కొంచెం దూరంలో సంఘం పాస్టరు, ఊరి నుంచి వచ్చిన నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఉచ్చీరప్ప వచ్చి గోడకు ఆనుకున్నాడు. రూత్ ఏడవడం లేదు. ఏడుపు అయిపోయిందో, ఇంకా మొదలు కాలేదో అతనికి తెలియలేదు.

"అప్పా," అంది. "మధ్యాహ్నం నీతోనే గదా తిన్న్యాడు?"

"ఆ."

"నోట్లో వాసన వచ్చిందా?"

"లేదమ్మా. ఉల్లిగడ్డ వాసన."

"మరి తాగినాడని పోలీసోళ్ళు యెట్ల రాసుకున్న్యారు?" ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు తలూపినావంట."

ఉచ్చీరప్ప గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"నిన్న కాదు మొన్న కాదప్పా, ఏడాదిన్నర దాటింది. కల్లు సీసా ఎదురొస్తే పక్క సందులో పోయేవాడు. అందరి ముందర నిలబడి మాట ఇచ్చినాడు. ఇప్పుడు సూడు," అని పాస్టరు నిలబడిన వైపు గడ్డం ఎత్తి చూపించింది. "నన్ను ఏమీ అనడంల్యా వాళ్ళు. అట్లాంటోడు గాదు అంటాండారు. అంటానే ఒకరి మొగం ఒకరు సూసుకుంటాండారు. మా శిరీష నన్ను అడిగింది, నాయన మల్ల తాగినాడా అని."

సుభద్రమ్మ ఆమె వీపు నిమిరింది.

"రేపు మా బావ బెంగళూరు నుంచి దిగినాక మట్టి జేస్తారు. పది గంటలకు. ఆ మాట మీద మన్నేస్తే ఇంగ అది లేవదప్పా, ఆయనతోనే ఆడ ఉండిపోతాది. నాకు ఇంగేమీ వద్దు. ఆ మాట తీయించు."

"డాక్టరు కాగితం వస్తే తెలుస్తాది గదమ్మా," అన్నాడు పాస్టరు దగ్గరికి వచ్చి.

"అది వచ్చేదెప్పుడన్నా?"



వెనక్కి పోయేటప్పుడు సుభద్రమ్మ ఆసుపత్రి గేటు దాకా ఉచ్చీరప్ప వెంట వచ్చింది.

"వాణ్ణి పైకి పంపింది శేఖరే. రెండోది ఎక్కి పొడిసిరాపో అన్న్యాడు, తూకం కాడ నేనుండా, నా సెవులతో ఇన్నా. ఫోను వచ్చేతలికి మర్సిపోయి నిన్ను మోటారెయ్యమన్న్యాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను సెప్పలేనప్పా. నా కొడుకు సేటు కాడ్నే డ్రైవరు పని జేస్తాండాడు. నువ్వు నన్ను తిట్టినా సరే."

"ఎందుకు తిట్టేది," అన్నాడు ఉచ్చీరప్ప.

ఇంటికి పోయాడు. భార్య చౌడమ్మ కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది, సంగటి పెట్టింది. తిన్నాడు. తిన్నది ఏమిటో నాలుకకు తెలియలేదు. ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగితే, సరిపోయింది అన్నాడు. అసలు ఉప్పే వేయలేదని కాసేపటికి ఆమే అంది. అలా అని ఎదురుగా కూర్చుంది.

"నీ మీదికి కేసు వస్తాదంట గదా?"

"రానీ."

"జైల్లో పెడతారా?"

"ఏమో."

"మల్ల యెట్ల మరి?"

అతను చెయ్యి కడుక్కున్నాడు. చూపుడు వేలు నేలకేసి చాలాసేపు రుద్దాడు. వేలికి ఏమీ అంటలేదు. చౌడమ్మ చూసి గిన్నెలు తీసుకొని లోపలికి పోయింది.

మరునాడు పొద్దున తెల్లారీ తెల్లారకముందే లేచాడు. స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకొని బయటికి వచ్చాడు. గోదాముకు పోయే షేర్ ఆటో ఆగింది. డ్రైవరు పక్కకు జరిగి చోటు చూపించాడు. ఉచ్చీరప్ప చెయ్యి ఊపి పంపేశాడు. నడిచి పోలీస్ స్టేషన్‌కు వచ్చాడు.

ఎస్సై ఇంకా రాలేదు. కానిస్టేబులు టీ తాగుతూ ఏమి పని అని అడిగాడు.

"ఒక మాట సెప్పల్ల."

"నాకు చెప్పు."

"రాసుకునేతట్లుంటే సెప్తా."

కానిస్టేబులు నవ్వి బెంచీ చూపించాడు. ఉచ్చీరప్ప కూర్చున్నాడు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. జేబులో ఫోను మోగింది. శేఖర్. మోగనిచ్చాడు. మళ్ళీ మోగింది. కానిస్టేబులు, "ఎత్తు లేదా ఆపు," అన్నాడు. ఆపాడు.

ఎస్సై వచ్చి కూర్చున్నాక అతన్ని పిలిచాడు. ఉచ్చీరప్ప నిలబడి చెప్పాడు. అంత పొడుగ్గా అతను ఎప్పుడూ మాట్లాడి ఉండడు. మధ్య మధ్యలో ఆగాడు. ఆగినప్పుడు ఎస్సై కలం ఆపి ఎదురు చూశాడు.

"ఇస్సాకు తాగలేదు సార్. మధ్యాహ్నం నా పక్కనే కూసోని తిన్న్యాడు. తిన్న్యాక నేను బీడీకి బయటికి పోయినా. వాణ్ణి పైకి పంపింది నాకు తెలీదు. వచ్చినాక మేనేజరు రెండోది వెయ్ అన్న్యాడు. నిచ్చెన కింద సూసినా. ఏమీ లేవు. ఏసినా."

"నిచ్చెన కింద ఏముండాల?"

"సెప్పులు సార్. గింజ మీదికి సెప్పుల్తో పోరు. కింద ఇడుస్తారు. అవి సూసే నేను మోటారు ఏసేది. బూట్లు వచ్చినాక కింద ఇడవొద్దన్న్యారు. వాడు ఏసుకోనే ఎక్కినాడు."

ఎస్సై కాగితం తిప్పాడు. "పైకి ఎవరు పంపినారు?"

"నేను సూడలేదు సార్. ఎవరూ పంపకుండా గుమ్మి ఎక్కేవాడు గాదు వాడు. మేనేజర్నే అడగండి. ఫోటో మిషను ఉండాది ఆడ, అంతా పడతాది. సేటు కొడుకు సూస్తాంటాడు."

"నిన్న తాగినాడని తలూపితివే?"

"ఊపినా సార్. అది అబద్ధం."

"ఇది రాసుకుంటే మోటారు వేసింది నువ్వేనని నీ మీద కేసు కట్టాల్సి వస్తుంది. తెలుసా?"

"ఏసింది నేనే గదా సార్."

ఎస్సై రాశాడు. రాసింది చదివి వినిపించాడు. ఉచ్చీరప్ప చివరి దాకా విని, "తాగలేదు అన్నేది ఇంగొకసారి సదవండి," అన్నాడు. ఎస్సై విసుక్కోలేదు, చదివాడు. ఉచ్చీరప్ప మూడో తరగతిలో నేర్చుకున్న అక్షరాలతో, ఒక్కొక్కటిగా, పేరు రాశాడు. ఇంటికి పోవడానికి లేదని, బెంచీ మీద కూర్చోమని చెప్పారు.

గోడ గడియారం చూశాడు. తొమ్మిదిన్నర దాటింది. ఫోను తీసి, రూత్ పక్కనే ఉన్న సుభద్రమ్మకు చేసి, ఆమెకు ఇవ్వమన్నాడు. అవతల సంఘం పాటలు వినపడుతున్నాయి, ఎవరో పిల్ల దగ్గుతోంది.

"అమ్మా, ఇస్సాకు తాగలేదని రాసుకున్న్యారు. మట్టి జేసుకోండి."

ఉచ్చీరప్ప ఫోను చెవికి ఆనించుకొని అవతలి పాట ఒక చరణం విన్నాడు. ఆ తర్వాత ఫోను కానిస్టేబులు బల్ల మీద పెట్టేసి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.